లార్వాను పారబోసే ముందు ఒక్క సీసా పక్కన పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో వానాకాలం దోమల నివారణ మీద వార్త చదివాను. ఫాగింగ్ యంత్రాలకు మరమ్మతులు చేయిస్తున్నారట, లార్వాను చంపే అబేటు మందు డబ్బాలు వచ్చేశాయట. సంతోషం. ఆ వార్త చివర ఒక అధికారి అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఎండాకాలం దోమల్లో డెంగీ వైరస్ ఏముంటుంది, వానలు పడి జ్వరాలు మొదలయ్యాక చూసుకుందాం" అన్నారట. ఆయన్ని తప్పుపట్టే మొహం నాకు లేదు. నా సర్వీసులో మూడొంతులు నేనూ అదే నమ్మి జీతం తీసుకున్నాను.

నేను మలేరియా విభాగంలో ముప్పై రెండేళ్ళు ఇన్సెక్ట్ కలెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ముందున్న ఇన్సెక్టును మింగేసి "మావోడు కలెక్టరు" అనే చెప్పుకుంది. పని మాత్రం పాడేరు, అరకు వైపు ఊళ్ళలో తెల్లారుజామున పశువుల శాలల్లో దూరడం. గోడ మీద టార్చి వేసి, వాలిన దోమను సక్షన్ ట్యూబుతో నోటితో పీల్చి, గాజు గొట్టంలోకి ఊది, దూది బిరడా పెట్టాలి. గంటకు ఎన్ని దొరికాయో అదే లెక్క. తర్వాత వాటిని కోసి, పొట్టలోనూ లాలాజల గ్రంథుల్లోనూ మలేరియా పరాన్నజీవి ఉందేమో మైక్రోస్కోపు కింద చూసేవాళ్ళం.

లార్వా, అంటే నీళ్ళలో ఈదే దోమ పిల్ల, దాని సంగతి వేరు. దాన్ని గరిటెతో ముంచి, ఎన్ని ఉన్నాయో రాసుకుని, పారబోసేవాళ్ళం. కోసి చూడాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, రావలసిన పని కూడా లేదు. తల్లిదోమ ఒంటినిండా మలేరియా ఉన్నా అది గుడ్లలోకి పోదు. మలేరియా దోమ పిల్ల పుట్టుకతో కడిగిన ముత్యం. ఎవరో జ్వరమొచ్చిన మనిషిని కుట్టి తెచ్చుకుంటే తప్ప దానికి రోగం లేదు.

ఈ సంగతి మీద ఆధారపడే, మలేరియాను మోసేది దోమేనన్న పెద్ద విషయం మన గడ్డ మీద తేలింది. రోనాల్డ్ రాస్ అనే డాక్టరు సికింద్రాబాదులో దోమలను లార్వా దశ నుంచి తానే పెంచాడు. ఎందుకంటే అవి అంతకుముందు ఎవర్నీ కుట్టలేదని ఖాయంగా తెలియాలి. వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలాడు, కుట్టిన ఒక్కో దోమకూ ఒక్కో అణా ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న వాటిలో ఒకదాని పొట్టలో పరాన్నజీవి కనిపించింది. దోమ పుట్టినప్పుడు శుభ్రంగా ఉంది కాబట్టి లోపల దొరికింది హుసేన్ ఖాన్ దగ్గర్నుంచి వచ్చిందే అని చెప్పగలిగాడు. ట్రైనింగులో ఈ కథ మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. బేగంపేటలో ఆ భవనం చూడటానికి నా సొంత డబ్బుతో వెళ్ళాను కూడా.

ఇదే పాఠాన్ని డెంగీకి తెచ్చి అతికించుకోవడంలో పొరపాటు జరిగింది.

డెంగీ పరాన్నజీవి కాదు, వైరస్. అది డెంగీని మోసే ఏడిస్ జాతి ఆడదోమ ఒంట్లో పేగు దాటి, ఒళ్ళంతా పాకి, లాలాజల గ్రంథుల దాకా చేరడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఒళ్ళంతా అంటే అండాశయం కూడా. ఆ తర్వాత అది పెట్టే గుడ్లలో కొన్నిటికి వైరస్ అంటుకుంటుంది. ఆ గుడ్డు లార్వా అయి, ప్యూపా అయి, రెక్కలొచ్చి ఎగిరే వేళకు ఆ దోమ ఇంకా ఒక్క మనిషిని కూడా కుట్టి ఉండదు, అయినా ఒంట్లో వైరస్ ఉంటుంది. కుట్టాక మొదటి విడత గుడ్లు మూడు నాలుగు రోజుల్లోనే పెట్టేస్తుంది కాబట్టి వాటికి అంటడం అరుదు. రెండో విడత, మూడో విడత గుడ్లతోనే తంటా. అంటే నాలుగు రోజులు ఎక్కువ బతికిన దోమ నాలుగు రెట్లు పాపిష్టిది అనుకోండి, లెక్క కచ్చితం కాకపోయినా.

దీన్ని ఎలా పట్టుకుంటారో చెప్తాను, ఎందుకంటే ఇందులో మంత్రం లేదు. గోలెంలోంచో డ్రమ్ములోంచో లార్వాను సీసాలో పట్టుకొస్తారు. ఏడిస్ లార్వాను గుర్తుపట్టడం మీకూ వస్తుంది. మలేరియా దోమ లార్వా నీటి పైన పడుకున్నట్టు అడ్డంగా ఉంటుంది. ఏడిస్‌ది తలకిందులుగా వేలాడుతుంది, చెయ్యి నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతుంది. ప్రయోగశాలలో శుభ్రమైన నీళ్ళలో పోసి కాస్త చేపల మేత చల్లితే వారం పది రోజుల్లో దోమలైపోతాయి. వాటికి రక్తం చూపించరు. ఆడవీ మగవీ వేరు చేసి, పాతికో ముప్పయ్యో ఒక గుత్తిగా నూరి, ఆర్టీపీసీఆర్ చేస్తారు. రక్తం ముఖం చూడని దోమలో వైరస్ దొరికితే అది తల్లి ఇచ్చిందే.

మగదోమ సంగతి ఇంకా తేట. మగదోమ కుట్టదు, జన్మలో కుట్టదు, పువ్వుల తేనె తాగి బతుకుతుంది. భూతద్దం కింద చూస్తే మీసాలు గుబురుగా, సీసాలు కడిగే బ్రష్‌లా ఉంటాయి, ఆడదానికి పలచగా ఉంటాయి. మా రోజుల్లో గొట్టంలోకి మగది వస్తే ఊదేసేవాళ్ళం, లెక్కలోకి రాదని. ఇప్పుడు తలుచుకుంటే చెయ్యి కొరుక్కోవాలనిపిస్తుంది. బయట పట్టిన మగదోమలో డెంగీ వైరస్ దొరికితే అది చాలావరకు పుట్టుకతో వచ్చిందే అయి ఉంటుంది.

ఇదేదో నా రిటైర్మెంటు వేదాంతం అనుకోకండి. 1983లో రంగూన్‌లో బయట దొరికిన ఏడిస్ దోమల్లో తల్లి నుంచి పిల్లకు డెంగీ పోతోందని చూపించారు. మరుసటి ఏడు ట్రినిడాడ్ నుంచి అలాంటి కబురే వచ్చింది. మన దేశంలో దీన్ని పట్టుకుని కూర్చున్నది జోధ్‌పూర్ ఎడారి వైద్య పరిశోధనా కేంద్రం, డాక్టర్ వినోద్ జోషి, ఆయనతో పనిచేసినవాళ్ళు. వాళ్ళ ఊరికి ఆ ప్రశ్న రావడంలో వింతేమీ లేదు. ఎడారిలో నీళ్ళు దొరికినప్పుడే తొట్లలోనూ నేల ట్యాంకుల్లోనూ నింపుకుని దాచుకుంటారు, దాచిన నీళ్ళంటే ఏడిస్‌కు పుట్టిల్లు. 1996లో డెంగీ మూడో రకం వైరస్ తల్లిదోమ నుంచి పిల్లకు వెళ్ళడాన్ని వాళ్ళు రాశారు. 2002లో ఇంకో అడుగు వేశారు. ప్రయోగశాలలో తరం వెనక తరం పెంచుకుంటూ పోయి, ఏడో తరం దోమలో కూడా వైరస్ చూశారు. కేరళలో మదురై శాస్త్రజ్ఞులు ఏడిస్‌లోనే ఇంకో రకమైన ఏడిస్ ఆల్బోపిక్టస్‌లో ఇదే పట్టారు, అది 2007లో వచ్చింది.

నాకీ సంగతి సర్వీసు ముగింపుకొచ్చాక ఒక శిక్షణలో తెలిసింది. భోజనాల దగ్గర ఒక కుర్ర శాస్త్రజ్ఞుడు నన్ను "మీరు లార్వా ఏం చేస్తారు సార్?" అని అడిగాడు. "పారబోస్తాం" అన్నాను. అతను పెరుగన్నం కలుపుతూ ఆగి నా మొహం వంక చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

తిరిగొచ్చాక ఊరుకోలేకపోయాను. 2012 మే నెల. మా పట్టణంలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, ప్రతి గుమ్మం దగ్గరా రెండేసి నీలం డ్రమ్ములు. మూడు కాలనీల నుంచి మూడు సీసాల లార్వా పట్టాను, మూతుల మీద గాజుగుడ్డ కట్టాను, టిఫిన్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పెద్దదోమను పరీక్షకు పంపాలంటే చచ్చిన వెంటనే మంచులో పెట్టాలి, ఎండకు మాడితే లోపలి వైరస్ ఆనవాలు చెడిపోతుంది. లార్వాకు ఆ బెడద లేదు, ప్రాణంతోనే ప్రయాణం చేస్తుంది. పక్కనున్న పెద్దాయన సంచిలోకి తొంగి చూసి "ఏటి బాబూ అవి, చేప పిల్లలా?" అన్నాడు. అవునన్నాను. అప్పటికే ఒక సీసాలో రెండు ప్యూపాలు చీలి, రెండు దోమలు గాజుగుడ్డ కింద కూర్చుని ఉన్నాయి, ఆయన చూడలేదు, నా అదృష్టం.

ప్రయోగశాల పేరు చెప్పను. కౌంటర్లో ఉన్నాయన మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. "మనిషి రక్తం శాంపిల్ అయితే తీసుకుంటాం. లార్వాకు మా దగ్గర ఫారం లేదు" అన్నాడు. లోపల ఎవరినో అడిగొచ్చి మళ్ళీ అదే మాట. ఫారం లేని జీవిని లోపలికి రానివ్వలేరు, నాకు అర్థమైంది, నేనూ సర్కారు మనిషినే. బస్టాండు వెనక ఎండకు కాలుతున్న సిమెంటు చపటా మీద మూడు సీసాలూ ఒంపేశాను, గాజుగుడ్డ కింద కూర్చున్న రెండిటినీ ముందు సీసా కుదిపి ముంచేసి మరీ. కాసేపట్లో నీళ్ళు ఇగిరిపోయాయి. వాటిలో ఏముందో ఏం లేదో ఆ సిమెంటుకే తెలియాలి.

ఇప్పుడు గుడ్డు సంగతి. అధికారి గారు ఎండాకాలం దోమల్లో వైరస్ ఉండదనుకుంటున్నది దీన్ని లెక్కలోకి తీసుకోకనే. ఏడిస్ నీళ్ళలో గుడ్లు పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు అతికిస్తుంది. పెట్టినప్పుడు తెల్లగా ఉండి, కొద్ది గంటల్లో నల్లబడతాయి, మిరియం పొడిలో నలుసంత. లోపల పిల్ల తయారవడానికి రెండు రోజులు తడి ఉంటే చాలు, ఆ తర్వాత గోడ ఎండిపోయినా గుడ్డు చావదు, నెలల తరబడి కాచుకుని ఉంటుంది. ఒక విడతలో నూరు దాకా పెడుతుంది, అన్నీ ఒకచోట పెట్టదు, నాలుగు పాత్రలకు పంచుతుంది. ఫాగింగ్ పొగ ఎగిరే దోమకు, అబేటు ఈదే లార్వాకు. గోడకు అతుక్కున్న గుడ్డు రెండిటినీ చూసి నవ్వుకుంటుంది. మనం శుక్రవారం డ్రై డే అని డ్రమ్ము బోర్లించి మళ్ళీ పట్టుకుంటాం, కొత్త నీళ్ళు అంచు దాకా రాగానే అవి పొదుగుతాయి. అంటే డ్రై డే ఒక్కోసారి వాటికి పురుడు పోసే రోజు. కొబ్బరి పీచు పెట్టి అంచును గట్టిగా తోమాలి అని చెప్పేవాళ్ళు తక్కువ, పారబొయ్యండి అనేవాళ్ళే ఎక్కువ.

నమ్మనివాళ్ళ కోసం ఒక పని చేశాను. గత డిసెంబరులో ఒక ప్లాస్టిక్ మగ్గుకు నల్లరంగు వేసి, సగం నీళ్ళు పోసి, లోపల గరుకు కాగితం పట్టీ నిలబెట్టి మా పెరట్లో జామచెట్టు కింద పెట్టాను. నాలుగో రోజుకు నీటి గీత పైన వరసగా నల్ల చుక్కలు. రెండు రోజులు తడిగా ఉంచి, తర్వాత నీడలో ఆరబెట్టి, ఆ పట్టీని రెండు ముక్కలు చేసి రెండు కవర్లలో పెట్టి, తారీకు రాసి, బీరువాలో ఎల్ఐసీ బాండ్ల పక్కన దాచాను. మా ఆవిడకు చెప్పలేదు. ఏప్రిల్‌లో ఒక కవరు తీసి ఆ పట్టీని స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి ముంచాను. సాయంత్రానికి సగానికి పైగా పొదిగాయి, వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు గిలగిలమంటున్నాయి. అప్పుడు చెప్పాను. "రిటైరయ్యాక కూడా మీకు ఈ దోమల పిచ్చి వదల్లేదా, అదీ నా పులిహోర గిన్నెలో!" అంది. ఆమె ఎదుటే మరిగే నీళ్ళు పోసి చంపాను. గిన్నె మాత్రం మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

నాలుగు నెలలు కాగితం మీద ఎండిన గుడ్డు పొదిగిందంటే, అందులో వెయ్యికి ఒక్కదానిలోనైనా వైరస్ ఉంటే, అది వానాకాలం నుంచి వానాకాలానికి దాటడానికి మనిషి అక్కర్లేదు.

ఇక్కడ నిజం పూర్తిగా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో డాక్టరుగారు మీకే ఉత్తరం రాసి నన్ను ఉతికేస్తారు. తల్లి నుంచి పిల్లకు పోయే ఈ దారి సన్ననిది. చాలాచోట్ల వందలు వేల లార్వా పరీక్షించినా ఏమీ దొరకలేదు. దొరికినచోట కూడా సామాన్యంగా వెయ్యి దోమలు చూస్తే ఒకటి రెండు గుత్తుల్లో వైరస్ కనిపించే లెక్కే. 2010లో ఆడమ్స్, బూట్స్ అనే ఇద్దరు లెక్కలు కట్టి, ఇంత తక్కువ మోతాదులో ఈ దారి ఒక్కటే డెంగీని ఏళ్ళ తరబడి నిలబెట్టలేదని తేల్చారు. పీసీఆర్‌లో కనిపించినదల్లా బతికున్న వైరస్ అనీ చెప్పలేం. డెంగీ సోకినవాళ్ళలో చాలామందికి జ్వరమే రాదు, వాళ్ళు బస్సుల్లో రైళ్ళలో తిరుగుతూనే ఉంటారు, ఎండాకాలంలో రోగాన్ని మోసేది ఎక్కువగా వాళ్ళే కావచ్చు. మా వీధిలో పోయినేడు మే నెలలో ఒక పాపకు డెంగీ వచ్చింది. వాళ్ళింటికి ఎవరూ రాలేదు, వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. నాకు ఎంత నోరూరినా అది గుడ్డులోంచి వచ్చిందని నేను అనలేను.

అనలేకపోతున్నది చూడలేదు కాబట్టి. ఆ పాప ఇంటి డ్రమ్ములో ఆ రోజు లార్వా ఉంది. ఆరోగ్య సిబ్బంది వచ్చి, ఉందని రాసుకుని, ఫొటో తీసుకుని, పారబోసి వెళ్ళారు. సంఖ్య మన దగ్గర ఉంది. నూరిళ్ళలో ఎన్ని ఇళ్ళకు లార్వా ఉందో, నూరు పాత్రలకు ఎన్నిటిలో ఉందో ఏళ్ళ తరబడి రాస్తున్నాం. ఆ లార్వా లోపల ఏముందో ఒక్క ఏడూ రాయలేదు.

అడిగేది చిన్నది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, జ్వరాలు లేని నెలల్లో, పట్టణంలో పోయినేడు డెంగీ ఎక్కువ వచ్చిన నాలుగైదు కాలనీల్లో, పారబోసే ముందు ఒక్కో సీసా పక్కన పెట్టమనండి. వాటిని పెంచడానికి ఒక గది, వలతో కప్పిన బోను, ఒక మనిషి చాలు. ఆర్టీపీసీఆర్ యంత్రాలు కోవిడ్ పుణ్యమా అని జిల్లాల్లోకి వచ్చాయి. మగదోమలు వేరే గుత్తి కట్టమనండి, మరిచిపోవద్దు. దొరికితే డెంగీ నాలుగు రకాల్లో అది ఏ రకమో కూడా చూడమనండి. పోయినేడు ఒక రకం తిరిగిన ఊళ్ళో ఈ ఏడు ఇంకో రకం దిగితే, రెండోసారి సోకినవాళ్ళకు ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఎక్కువ, ఆ మాట ఆస్పత్రివాళ్ళకు నెల ముందు చేరినా మేలే. చేరుతుందని హామీ ఇవ్వను.

ఏమీ దొరక్కపోతే ఆ సున్నాను కూడా మీ పత్రికలో వెయ్యండి. ఎన్ని దోమలు చూస్తే సున్నా వచ్చిందో పక్కనే రాయండి. యాభై దోమలు చూసి సున్నా అంటే దానికి విలువ లేదు.

బీరువాలో రెండో కవరు ఇంకా ఉంది. డిసెంబరు తారీకు వేసి ఉంది, పట్టీ ఎండిపోయి ఉంది, గుడ్లు గట్టిగానే ఉన్నాయి, మొన్న భూతద్దం పెట్టి చూశాను. ఏ ప్రయోగశాలవారైనా సరేనంటే నేనే తెచ్చి ఇస్తాను, బస్సు ఛార్జీ కూడా అడగను. ఫారం లేకపోతే తెల్లకాగితం మీద గీతలు కొట్టి నేనే తయారు చేసి తెస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఇన్సెక్ట్ కలెక్టరు,
ఉత్తరాంధ్ర
(పేరు ప్రచురించవద్దని మనవి)